సారు బిడ్డ

"మేడం, గేటు కాడ ఒక ముసలాయన కూసున్నడు. మిమ్మల్ని కలిసేదాక లేవడంట" అన్నాడు సెక్యూరిటీ గార్డు.

"పేరు?"

"మొగులయ్యంట."

హర్షిత టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

ఆ పేరు వినబడితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవారు.

శామీర్‌పేట ట్రైనింగ్ సెంటర్లో అది ఆఖరి రోజు. ప్రభుత్వ ఆఫీసులో మేనేజరు ఎవరైనా సరే, ఈ శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసైతేనే బిల్లుల మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది. ఇప్పుడు సంతకమంటే పెన్ను కాదు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న డిజిటల్ కీ. కంప్యూటర్‌కి గుచ్చి పిన్ నంబరు కొడితే సర్కారు డబ్బు కదులుతుంది.

పొద్దున క్లాసులో శిక్షణ ఇచ్చే జనార్ధన్ గారు ఒక పాత కేసు చెప్పారు.

"మన మేడ్చల్లోనే. ఒక ఆఫీసరు సెలవు మీద ఊరెళ్లారు. ఆయన లేనప్పుడు గుమాస్తా చెక్కుల మీద ఆయన సంతకం ఫోర్జరీ చేశాడు. ఎంత అచ్చంగా పెట్టాడంటే, బ్యాంకు కూడా కనిపెట్టలేకపోయింది. చివరికి వాడే ఒప్పుకుని జైలుకెళ్లాడు. అదే ఆ ఆఫీసరు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టిచ్చి వెళ్లుంటే? ఆయనే జైల్లో ఉండేవాడు. అలాంటి పని చెయ్యలేదు కాబట్టి తలెత్తుకుని రిటైరయ్యాడు."

హర్షిత లేచి నిలబడింది.

"ఆ ఆఫీసరు రాజారావుగారు. మా నాన్న."

క్లాసంతా చప్పట్లు. పక్క సీట్లో భానుతేజ ఈల కూడా వేశాడు.

నాన్న పోయి ఏడాది. ఆ చప్పట్లు ఆయన విని ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

ఆ గుమాస్తా ఇప్పుడు గేటు దగ్గర!

విసురుగా వెళ్లింది.

మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. చేతి మీద సెలైన్ సూదికి వేసిన పట్టీ ఇంకా ఊడలేదు. ఆమెను చూసి గోడ పట్టుకుని లేచాడు.

"అచ్చం సారు లెక్కనే ఉన్నవు బిడ్డా..."

"బిడ్డా లేదు, గిడ్డా లేదు. మా నాన్న సంతకం ఫోర్జరీ చేసింది నువ్వేగా?"

ముసలాయన గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ఔ. నేనే చేసిన."

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు? ఏం కావాలి, డబ్బా?"

"నాకేం వద్దు. మేడ్చల్ టేషన్ ఎనక ఉంటం, మా బతుకేదో మేం బతుకుతున్నం. నీకు కీ ఇస్తరని మీ ఆఫీసోళ్లు చెప్పిండ్రు. జర ఇను. గా కీ ఎవ్వల చేతికి ఇయ్యకు. లీవు పెట్టినా, ఇంట్ల పెండ్లయినా, పానం మీదికొచ్చినా... కొంగుకు ముడేసుకొని పో."

"నాకు నీతులు చెప్పడానికి దొంగే దొరికాడా?" గార్డు వైపు తిరిగింది. "బయటికి పంపెయ్. మళ్లీ కనిపిస్తే పోలీసుల్ని పిలువు."

గార్డు రెక్క పట్టుకున్నాడు. మొగులయ్య విడిపించుకోలేదు.

రోడ్డు మీద ఆగి వెనక్కి తిరిగాడు. కొంగు ముడేస్తున్నట్టు చేత్తో సైగ చేశాడు. తర్వాత కిందా మీదా పడి షేర్ ఆటో ఎక్కాడు.

హర్షిత లోపలికెళ్లి పరీక్ష రాసింది. కీ వచ్చింది.

నెల తిరక్కుండానే మరిది పెళ్లి.

"కీ, పిన్ నాకిచ్చి బేఫికర్‌గ పోండ్రి మేడం" అన్నాడు సీనియర్ అసిస్టెంట్ నగేష్. "బిల్లులు ఆగొద్దు గద. అన్ని ఆఫీసులల్ల గింతే. భానుతేజ సారయితే కీ డ్రాయర్లనే పడేసి పోతడు."

హర్షిత బ్యాగు జిప్పు తీసింది. వేళ్లకి కీ తగిలింది. ఎందుకో ఆ కొంగు ముడి సైగ కళ్ల ముందు కదిలింది.

"వద్దులే నగేష్. ల్యాప్‌టాప్ తీసుకెళ్తాను."

"మా మీద నమ్మకం లేనట్టుంది" అని నవ్వాడు నగేష్. ఆమె బ్యాగు జిప్పు మూసేసింది.

పెళ్లి పందిట్లో ఉండగా ఫోనొచ్చింది. భానుతేజ అరెస్టు. అతని కీతో ఎవరో దొంగ బిల్లులు పాస్ చేశారు. నెలల పిల్లను భార్య చేతికిచ్చి పోలీసు జీపెక్కాడట.

హర్షిత బ్యాగులో చెయ్యి పెట్టి కీ ఉందో లేదో తడిమి చూసుకుంది.

సెలవు అవగానే మేడ్చల్ స్టేషన్ వెనక గల్లీకి వెళ్లింది. దొంగే కావచ్చు. ఒక్క థాంక్స్ అయినా చెప్పాలి.

రేకుల ఇంటి ముందు ఒకావిడ బియ్యం ఏరుతోంది.

"మొగులయ్యగారున్నారా?" నోటి వెంట 'గారు' దానంతటదే వచ్చింది.

"లేడు బిడ్డా, కాలం జేసిండు. దవాఖానల సూది పీకేసుకొని, శామీర్‌పేట పోయొస్తనని పోయిండు. వచ్చి మంచంల పడ్డోడు మల్ల లేవలే. నేను ఆయన పెండ్లాన్ని, తారాబాయిని. మీరెవ్వలు?"

హర్షిత పేరు చెప్పలేకపోయింది.

"శామీర్‌పేట ఎందుకు?"

"సారు బిడ్డను సూడనీకి. మస్తు మంచిగ మాట్లాడిందంట, కూసోబెట్టి చాయ్ గూడ తాపిందంట. పోయేముందు గా ముచ్చటనే చెప్పుకుంట నవ్విండు."

హర్షిత ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆ సారు సంతకమేగా... ఈయన ఫోర్జరీ..."

"లోకం గట్లనే అంటది" తారాబాయి చాట కింద పెట్టింది. "పెండ్లానికి నొప్పులొచ్చినయని సారే ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టిచ్చి ఉరికిండు. వాటిని ఎవడో ఎత్తుకపోయిండు. ఇగ సారును పట్టుకపోతరని తెల్వంగనే, పురిట్ల పిల్ల నాయినను జైల్ల సూడొద్దని మా ఆయన ఆ సంతకాలు నేనే పెట్టిన అన్నడు."