రెండో వరుస

అక్క తలుపు తోసుకుని వచ్చిన ఊపుకి, గుమ్మం పక్క కుర్చీలో ఉన్నావిడ చేతిలో కాఫీ తొణికింది. ఆఫీసులో అందరూ తలలు తిప్పారు. తమ్ముడు మాత్రం తిప్పలేదు. కంప్యూటరు ముందు కూర్చుని తన పని తను చేసుకుంటున్నాడు.

అక్క చేతిలో కాగితాన్ని తెచ్చి అతని కీబోర్డు మీద పడేసింది.

"ఏంట్రా ఇది?"

జీన్‌ల, అంటే జన్యువుల, వివరాలు భద్రపరిచే ఆఫీసు అది. ఒక్కో జీన్‌కి ఒక్కో పేజీ. శరీరంలో అది ఏం పని చేస్తుందో, ఎవరు రుజువు చేశారో చూసి ఆ పేజీలో ఎక్కించడం తమ్ముడి ఉద్యోగం.

అక్క శాస్త్రవేత్త. పన్నెండేళ్ళు ఒకే జీన్ వెంటపడి, అది చెడితే పుట్టుచెవుడు వస్తుందని తేల్చిన మనిషి. నిన్నటిదాకా ఆ జీన్ పేజీలో ఒకే వరుస ఉండేది. 'వినికిడి' అని. పక్కన ఆమె పేరు. ఈరోజు దాని కింద రెండో వరుస వెలిసింది. 'గుండె లయ' అని. ఎక్కించింది ఎవరన్న చోట తమ్ముడి పేరు.

"వచ్చే నెల చెవుడుకి నేను చేసిన మందుకి పిల్లల మీద పరీక్ష మొదలవ్వాలి. గుండె సంగతి తేలేదాకా ఆపమని పొద్దున్నే అనుమతులిచ్చే కమిటీ నుంచి ఉత్తరం. ఒక్క మాట నాకు చెప్పాలనిపించలేదా?"

తమ్ముడు రెప్ప వేయకుండా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. తప్పు చేసినవాడికి ఉండాల్సిన బెదురు ఏ కోశానా లేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ముందే చెబితే ఎక్కించనిచ్చేదానివి కాదక్కా."

"ఎందుకు ఎక్కించనిస్తాను? అది చెవి జీన్‌రా! ఇవాళ గుండె అన్నావు, రేపు మోకాలు కూడా అంటావా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"అది చేసే పని ఒక్కటేనక్కా," అన్నాడు తమ్ముడు. "కణం పొరలో చిన్న వాకిలి కడుతుంది. అందులోంచి పొటాషియం పోతుంది. ఆ వాకిలి చెవిలో ఉంటే మనిషికి వినపడుతుంది. గుండెలో ఉంటే, కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్ళీ సర్దుకుంటుంది. నువ్వు చెవిలో వెతికావు, నీకు వినికిడి దొరికింది. గుండె డాక్టరు గుండెలో వెతికాడు, ఆయనకి లయ దొరికింది. ఇద్దరిదీ నిజమే. మరి ఒక్క వరుసలో ఎలా రాయను?"

"నాకే పాఠాలు చెప్తున్నావా?"

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. అద్దంతోనే చెప్పుకుంటున్నట్టు ఏదో గొణుక్కుంది. తమ్ముడు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నన్ను చూసి మాట్లాడక్కా."

"ఏం మాట్లాడమంటావురా? అమ్మ పనికి పోతే నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా నేర్పింది నేను. ఈ చదువు చదివిందీ నీ కోసమే. బయటివాడు చేసుంటే తిట్టుకుని ఊరుకుందును. నువ్వు నా గొంతు కోశావు."

తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చూపు మరల్చలేదు.

"చెవుల కోసం నీ దగ్గరికొచ్చే పిల్లలకి ముందు గుండె పరీక్ష చేయించు. వాళ్ళలో కొందరు ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోతారు. మళ్ళీ లేవరు."

"ఆ డాక్టరు రాస్తే నమ్మేయడమేనా? నేనూ చదివాను ఆయన పరిశోధన పేపరు. ఎలుకలు, కణాలు, ఒకే ఒక్క రోగి. ఆ రోగికి పేరు కూడా లేదు, అంకె వేశారు. మెట్లెక్కుతూ రెండుసార్లు స్పృహ తప్పాడట! ఎండకి పడిపోయుంటాడు. తిండి తినక పడిపోయుంటాడు."

"కాదక్కా."

"నీకెలా తెలుసు?"

అతను బల్ల మీదున్న ఆ డాక్టరు పేపరు తీసి ఆమె ముందుకి చాపాడు.

ఆమె అందుకుని చివరి పేజీ తిప్పింది. ఆ రోగి వయసు రాసి ఉంది. ముప్ఫై ఒకటి. ఈ జీన్ చెడినవాళ్ళు ఎవరెవరున్నారో, ఎవరి వయసు ఎంతో ఆమెకి కంఠతా వచ్చు. ఒక్కొక్కరినీ లెక్కేసుకుంటూ పోయి ఒకచోట ఆగిపోయింది. తల ఎత్తింది. ఏదో అడగబోయింది. గొంతు పెగల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

'ఎవర్రా అతను?'

పుట్టుకతోనే ఏ చప్పుడూ ఎరగని తమ్ముడు, అక్క పెదవుల మీద ఆ ప్రశ్న చదువుకుని, చొక్కా పై గుండీలు విప్పి ఛాతీకి అంటించి ఉన్న ఈసీజీ తీగలు చూపించాడు.