గాజుల వీధిలో ప్రదక్షిణలు

మా గాజుల వీధిలోకి కార్లు రాకూడదు. అలా ఉండాలంటే రోజుకు లక్ష అడుగులు పడాలి. ఒక్కటి తగ్గినా మర్నాడే మునిసిపాలిటీ వాళ్ళు కార్లను వదులుతారు. అప్పుడు నా పూల బుట్టకు చోటుండదు. అడుగులు లెక్కపెట్టేది వీధి మొదట్లో వాళ్ళు పాతిన మాట్లాడే స్తంభం.

నడిచే అలవాటు జనానికి ఎప్పుడో పోయింది. అందుకని నేనూ, పక్కింటి సామ్రాజ్యమూ వీధి మధ్యలో ఒక రాయికి సిందూరం పూసి ఆంజనేయస్వామి అన్నాం. నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తే మోకాళ్ళ నొప్పులు పోతాయన్నాం. ఊరంతా దిగింది.

మధ్యాహ్నం స్తంభం నన్ను పిలిచింది.

"పెద్దమ్మగారూ, పొద్దుటి నుంచి పన్నెండు కిలోమీటర్లు నడిచారు. ఇంకా ఇక్కడే ఉన్నారు. మీరందరూ దారి తప్పినట్టున్నారు. కారు పంపిస్తున్నాను."

"వద్దు నాయనా, ఇది మొక్కు!"

స్తంభం వినలేదు. మనిషి లేని కారొకటి వీధి మొదట్లోకి వచ్చి హారన్ కొట్టింది. అది లోపలికొస్తే వీధి పోయినట్టే. సామ్రాజ్యం కొంగు బిగించి ఎదురెళ్ళింది.

"ఏవయ్యోయ్, స్వామి దగ్గరికి అట్టాగే వచ్చేస్తావా? ముందు చెప్పులు విప్పు!"

కారు కాసేపు ఆలోచించింది. "క్షమించండి" అని నాలుగు చక్రాలూ ఊడదీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత కదల్లేక వీధికి అడ్డంగా ఉండిపోయింది.

సాయంత్రానికి దాని వెనక మరో ఆరు కార్లు వచ్చాయి. సామ్రాజ్యం చక్రాలు తీసుకుని టోకెన్లు ఇస్తోంది.