కర్రపెండలం విరుగుడు

చట్టి దగ్గరికి కోడి వస్తుంటే ఉర్సులా పుల్ల విసిరింది.

"పోవే! చావాలనుందా?"

చట్టికి పైన, దూలానికి వేలాడుతోంది మటపీ. ఈనెలతో అల్లిన పొడుగాటి సంచి అది. అందులో కూరిన చేదు కర్రపెండలం తురుము నుంచి తెల్లటి రసం బొట్టుబొట్టుగా చట్టిలోకి దిగుతోంది. రోజంతా కాస్తే ఆ రసమే నల్లటి పాకమవుతుంది. పచ్చిది తాగితే మాత్రం ప్రాణం దక్కదు. పోయిన నెల ఊరిపెద్ద కెప్టెన్ గారి పుంజు పొద్దున రెండు గుక్కలు తాగి మధ్యాహ్నానికి కాళ్లు చాపేసింది.

ఏటి మలుపులో ఇంజను చప్పుడు వినిపించింది. బెర్ట్రామ్ పడవ. ఆ ఏటి పొడుగునా నల్లపాకమూ గ్రీన్‌హార్ట్ కలప దుంగలూ కొనేది అతనే. ఉర్సులా చేతులు తుడుచుకుని, కట్టెల కోసం ఇంటి వెనక్కి వెళ్లింది.

ఆరేళ్లుగా ఊళ్లో ఆమెకు ఒకటే పేరు, మొగుడొదిలేసిన మనిషి. ఆమె భర్త ఇగ్నేషియస్ బెర్ట్రామ్ దగ్గర దుంగల పడవ మీద పనిచేసేవాడు. ఒకసారి వెళ్లినవాడు తిరిగి రాలేదు. నా దోనె ఎత్తుకుని వెనిజులా పారిపోయాడు, అక్కడెవత్తో ఉందట, అని బెర్ట్రామ్ రేవురేవునా చెప్పాడు. పిల్లల్ని తోటిపిల్లలు దొంగ పిల్లలన్నారు. చర్చిలో అతని పేర ఒక్క కొవ్వొత్తి వెలగలేదు.

మొన్నటి వానల్లో, పాకం డబ్బాలు ఎక్కిస్తూ, బెర్ట్రామ్ పడవ అడుగున ఒక తెడ్డు చూసింది. పిడి మీద ఇగ్నేషియస్ చెక్కిన ఆమె పేరు ఉంది. దోనెతో పారిపోయినవాడి తెడ్డు ఇక్కడికెలా వచ్చింది? ఆమె అప్పుడేమీ అడగలేదు.

కట్టెలతో తిరిగొచ్చేసరికి బెర్ట్రామ్ ఊయలలో కూర్చుని మీసాలు తుడుచుకుంటున్నాడు. ఎవరూ పెట్టకుండానే గూట్లోంచి పెండలం కల్లు సొరబుర్ర తీసుకుని తాగడం అతనికి అలవాటే.

"ఏం ఉర్సులా పిల్లా, కల్లు ఇంత చప్పగా ఏడ్చింది? ఇంట్లో మగాడు లేకపోతే కల్లు కూడా పులవదా ఏం?"

ఆమె చేతిలోని కట్టెలు కిందపడ్డాయి.

"ఏ బుర్రలోది తాగావు బాస్?"

"ఆ గూట్లోదే. ఎప్పుడూ తాగేదే కదా!"

"కల్లు ఇవాళ బయట పెట్టాను. గూట్లోది..." అంటూ ఆమె మటపీ వైపు చూసింది.

బెర్ట్రామ్ కూడా అటు చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ పాకం కొంటున్న మనిషి. విడమర్చి చెప్పనక్కర్లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. గొంతు పట్టుకున్నాడు.

"విరుగుడుంటుంది కదా మీ ముసలాళ్ల దగ్గర! నీకు తెలుసు కదా! తొందరగా చెయ్యి!"

"మా అమ్మమ్మ నేర్పింది. కానీ నువ్వు నా ఇంట్లో పోతే నేనే చంపానంటారు బాస్. ముందు కెప్టెన్ రావాలి."

కెప్టెన్ సిరిల్‌ది పక్క ఇల్లే. కేక వినగానే వచ్చాడు. వెనకే ఇద్దరు ఆడవాళ్లు.

"నేనే తీసుకుని తాగాను" అన్నాడు బెర్ట్రామ్ వణుకుతూ. "ఆమె అసలు ఇంట్లోనే లేదు. చాలా? ఇక ఇవ్వు తల్లీ!"

ఉర్సులా మిరపకాయలు నూరుతోంది. తలెత్తలేదు.

"ఇగ్నేషియస్ ఎక్కడ?"

"ఇప్పుడా అది!"

"ఇవి మెత్తగా నలగాలి. ఈలోగా చెప్పు."

బెర్ట్రామ్ కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ నేల చూశాడు.

చెప్పక తప్పలేదు. గ్రీన్‌హార్ట్ నీళ్లలో తేలదు. దుంగల్ని పడవకు రెండు పక్కలా కట్టి తేవాలి. ఆరోజు బెర్ట్రామ్ మోయగలిగినదానికంటే ఎక్కువ కట్టించాడు. పడవ ఒరిగింది. ఇగ్నేషియస్ కాలు పడవకీ దుంగకీ మధ్య ఇరుక్కుంది. ఏటికి పోటు ఎక్కుతోంది.

"తాడు కోస్తే విడిపడేవాడేగా?" అన్నాడు కెప్టెన్.

"కోస్తే దుంగలన్నీ మునిగేవి... పోటు అంతదాకా రాదనుకున్నా."

"అరిచాడా?" అంది ఉర్సులా.

"...కాసేపు."

"ఎక్కడున్నాడు?"

"వాగు కలిసేచోట. పెద్ద మోరా చెట్టు కింద నేనే పూడ్చాను."

ఆడవాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు. కెప్టెన్ టోపీ తీశాడు. ఉర్సులా చట్టి పక్కనున్న పొయ్యివైపు తిరిగి, నూరిన ముద్ద కలిపి ఇంకో బుర్ర నింపి తెచ్చింది.

"ఊపిరి బిగబట్టి మొత్తం తాగు."

చుక్క మిగల్చకుండా తాగాడు. కళ్లూ ముక్కూ కారాయి. నోరు మండిపోయి గంతులేశాడు. కాసేపటికి వణుకు తగ్గింది. మొహానికి రంగొచ్చింది. దాంతోపాటు నవ్వూ వచ్చింది.

"చూడు కెప్టెన్, చావుభయంలో మనిషి నానా కూతలూ కూస్తాడు. ఏ కోర్టులోనూ అది నిలబడదు. తవ్వుకోండి, ఎముకలు సాక్ష్యం చెప్తాయేమో!" లేచి చొక్కా సర్దుకున్నాడు. "మందు మాత్రం భలే పనిచేసింది పిల్లా."

"బయల్దేరు బాస్. పట్నం చాలా దూరం" అంది ఉర్సులా.

బెర్ట్రామ్ ఈల వేసుకుంటూ రేవుకు దిగాడు.

"రేపు పొద్దున్నే మోరా చెట్టు దగ్గరికి పోదాం. ఫాదర్‌కి నేను కబురు పెడతా" అన్నాడు కెప్టెన్. "ఇన్నేళ్లూ వాణ్ణి నోటికొచ్చినట్టు అన్నాం తల్లీ. నిన్నూ అన్నాం."

ఆమె తలూపింది. అందరూ వెళ్లిపోయారు. ఇంజను చప్పుడు మలుపు దాటి సన్నగిల్లింది.

అప్పుడు ఉర్సులా మొదటి బుర్రలో అడుగున మిగిలిన, విషం లేని తీపిరకం పెండలం గంజి తానే తాగేసి, విరుగుడు పోసిచ్చిన బుర్రను మాత్రం కోళ్లకు అందకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చిపెట్టింది.