దొర్లని కార్లు

నంద్యాలలో నతానియేలు గారికి ఇరవైరెండు కార్లుండేవి. ఫెరారీ, జాగ్వార్, పోర్షే... అన్నీ స్పోర్ట్స్ కార్లే. ఏదీ అరచేతికన్నా పెద్దది కాదు.

ఆషామాషీ రేకు బొమ్మలు కావవి. అసలు కారును కొలిచి, కుదించి, పోత పోసినవి. తలుపులు తెరుచుకునేవి. చక్రాలు తిరిగేవి. వాటిని ఆయన తిరగనిచ్చేవారు కాదు, అది వేరే సంగతి.

"దొర్లిస్తే రంగు పోతాదప్పా. రంగు పోయినాక అదేం కారు?" అనేవారు. కారన్నది దొర్లకూడదని లోకంలో మొదట కనిపెట్టింది ఆయనే అయ్యుంటారు.

హాల్లో అద్దాల బీరువా. దానికి తాళం. తాళంచెవి ఆయన మెడలో, సిలువ పక్కనే. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కో కారునూ మెత్తటి గుడ్డతో తుడిచేవారు. భార్య ఎస్తేరు జ్వరంతో మూలుగుతున్నా సరే, ముందు కార్లే.

ఆ ఇంటి చుట్టూ ఎప్పుడూ పిల్లలే. సందు దొరికితే చాలు, కిటికీకి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. "యాడికొస్తాండారురా? పోండి!" అని బెత్తం అందుకునేవారు. పిల్లలంటే ఆయనకు ఎంతో ప్రేమ, వాళ్ళు దూరంగా ఉన్నంతసేపూ.

"ఇంత మంచివి యాడ దొరుకుతాయి సార్?" అని ఎవరైనా అడిగితే కళ్ళు పైకెత్తేవారు.

"అంతా ప్రభువు కృప."

ఆ కృపకు కూడా స్పోర్ట్స్ కార్లంటేనే మోజు కాబోలు.

ఎనభైమూడులో ఒక కబురొచ్చింది. మద్రాసు నుంచి ప్రసన్నకుమారి అమ్మగారు వస్తున్నారట. బాగా కలిగినావిడ. నతానియేలు గారంటే గురి. ఎన్నాళ్ళనుంచో నంద్యాల చూడాలని కోరిక.

నతానియేలు గారికి చెమటలు పట్టాయి. "ఆమె కంటబడినాయంటే ఒక్కటీ మిగలదు" అన్నారు భార్యతో.

"అట్లయితే ఆ పిల్లోళ్ళకే ఇచ్చేయరాదా? పీడా పోతాది" అంది ఎస్తేరు.

"నీకేమన్నా పిచ్చా? ఎన్నేండ్లు పట్టింది పోగుచేసేకి!"

మర్నాడే కార్లన్నీ పత్తిలో చుట్టి, ట్రంకు పెట్టెలో సర్ది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆళ్లగడ్డలో చెల్లెలు దెబోరా ఇంటికి చేర్చారు. పసిబిడ్డను కూడా ఎవరూ అంత జాగ్రత్తగా మొయ్యరు.

"ఎవరికీ చూపించొద్దు."

"నేనెవరికి చూపిస్తాన్నా!" అంది దెబోరా. ఆయన బస్సెక్కగానే కార్లన్నీ తీసి హాల్లో బల్లమీద వరసగా పేర్చింది. సాయంత్రానికి వీధివీధంతా వచ్చి చూసిపోయింది.

అమ్మగారు నంద్యాల వచ్చారు. అన్నీ తిరిగి చూశారు, మెచ్చుకున్నారు. అద్దాల బీరువా నిండా బైబిళ్ళు చూసి కళ్ళు తుడుచుకున్నారు కూడా. నతానియేలు గారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"అహోబిలం కొండలు చూడాలనుందండీ" అన్నారామె.

కాదంటే బాగుండదు. జీపు కుదిర్చారు. అది ఆళ్లగడ్డ దాకా బాగానే వచ్చి, సరిగ్గా దెబోరా వీధి మొదట్లో బుసబుసా పొగలు కక్కి ఆగిపోయింది. ఇరవైరెండు స్పోర్ట్స్ కార్ల యజమాని దిగి జీపును తోశారు. అది కదిలితే ఒట్టు.

దెబోరా చూడనే చూసింది. పరుగెత్తుకొచ్చింది.

"ఏందన్నా, ఈడిదాకా వచ్చి నీళ్ళు గూడా తాగకుండా పోతాండావా?"

"బేగా పోవల్లమ్మా, పొద్దు పోతాంది..."

"పోతువులే! పాపం, అమ్మగారు ఎండకు మాడిపోతాండారు" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. "రండమ్మా, మా అన్న కార్లు చూద్దురుగాని. జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేవు!"

నతానియేలు గారి కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి.

అమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఒక కారు తీసి తలుపు తెరిచారు, మూశారు. ఇంకొకటి తీశారు. అన్నీ చూశాక మెల్లగా వెనక్కి తిరిగారు.

"వార్డెన్ గారూ, మన హాస్టల్లో అనాథ పిల్లలు ఆడుకోవాలని ఏటా క్రిస్మస్‌కి నేను పంపిన కార్లు ఇక్కడికెలా వచ్చాయి?"