సగానికి తక్కువ

"సగమూ, మూడో వంతూ కలిపితే ఎంత నాన్నగారూ?"

పక్షవాతం తగ్గాక చిన్న లెక్కలు చేయించమని డాక్టరు చెప్పాడు. పెద్దాపురం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన కామేశం మాస్టారు, కూతురు ఫణిశ్రీ ఇచ్చిన పలక మీద మెల్లగా 2/5 అని రాశారు.

పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ కలిపేశారు. పిల్లలెవరైనా ఇలా రాస్తే ఊరుకునేవారు కాదు.

"కరెక్టే నాన్నగారూ," అంది ఫణిశ్రీ.

ఆయన పలకకేసి చాలాసేపు చూశారు.

"కాదమ్మా. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?"

"మరి ఎంతండి?"

"తప్పని తెలుస్తోంది. ఎలా దిద్దాలో తెలియడం లేదు."

ఆ గొంతులో బాధేమీ లేదు. బలపం ఆమె చేతిలో పెట్టారు.

ఫణిశ్రీ పలక తుడిచింది.

"ముందు కింది అంకెలు రెండూ ఒకటయ్యేలా చూసుకోవాలి."

"అలాగేనండి," అన్నారాయన.