ఎదురు గుమ్మం

సోషల్ మాస్టారు రామనాథ్ పాత ఇస్లామిక్ నగరాల సందుల గురించి మొదలుపెడితే బెల్లు కూడా వినిపించుకునేవాడు కాదు. అక్కడ ఒక గుమ్మానికి ఎదురుగా ఇంకో గుమ్మం పెట్టరని, ఒకరి ఇల్లు మరొకరి కంట పడకూడదని చెప్పేవాడు. తిరువూరులో ఆయన ఇల్లు కూడా అలాంటి సందు చివరే ఉంది. ఎదురిల్లు కడుతున్న మేస్త్రీ శాంతయ్య దగ్గర అందుకే మాట తీసుకున్నాడు: మాస్టారి గుమ్మానికెదురుగా వట్టి గోడే ఉండాలి.

ఒక రాత్రి ఆయన విజయవాడ నుంచి ఆఖరి బస్సు దిగి వచ్చేసరికి సందులో కరెంటు లేదు. ఫోను వెలుగులో ఎదుటి గోడకు తలుపు కనిపించింది. గడపకు రాసిన పసుపు ఇంకా తడారలేదు.

ఒళ్లు మండి శాంతయ్యకు ఫోన్ చేశాడు.

“మాటిచ్చి ఇదేం పనయ్యా?”

“అమ్మగారే పెట్టమన్నారండి. మీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నారు.”

రమాసుందరా? ముప్పయ్యేళ్ల కాపురంలో తనకు చెప్పకుండా గరిటె కూడా కొనని మనిషి!

రామనాథ్ తన ఇంటి తలుపు దబదబా బాదాడు. వెనక కొత్త తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

“అటు కాదండీ, ఇటు రండి,” అంది రమాసుందరి గొంతు.

ఆయన అటు తిరగబోయాడు. తన ఇంటి లోపల, తలుపుకు ఆనుకుని ఎవరో వెక్కుతున్నారు. అదీ రమాసుందరి గొంతే.

“సుందరీ, తలుపు తియ్యి!”

“వెళ్లండి,” అందామె లోపల్నుంచి. “మిమ్మల్ని అటు పంపిస్తానని నేను మాటిచ్చేశాను.”

లోపల రెండో గడియ కూడా పడింది.