పరదేశం వెళ్ళబోయే వంటింటి గాలి

హోటలు భోజనంతో గుమస్తాగారి నాలుక చచ్చిపోయింది. అయినా తప్పదు. పొగకీ దగ్గుకీ సంబంధం తేల్చడానికి రెండు దేశాల డాక్టర్లు కలిసి వంటింట్లో గాలి కొలిచే పెట్టె తగిలించారు. మన పొగ విదేశీయుల కంట పడితే పరువేం కాను? అందుకే పెట్టె ఉన్నన్నాళ్ళూ బొగ్గుల పొయ్యి వెలిగించవద్దని భార్యకి గట్టిగా చెప్పేశారు.

ఇవాళ పెట్టె విప్పడానికి వచ్చిన డాక్టరమ్మ అంకెలు చూసి తెల్లబోయింది.

“ఇంత శుభ్రమైన గాలి విదేశాల్లో వాళ్ళ ఇళ్ళలోనే లేదండీ!”

“ఏదో, మాకు మొదట్నుంచీ అలవాటు,” అన్నారు గుమస్తాగారు చొక్కా సర్దుకుంటూ.

“పొగ ఉన్న ఇళ్ళకి మేమే పొగగొట్టం పెట్టిస్తున్నాం. మీకు అక్కర్లేదు. ఆదర్శ వంటిల్లని ఫోటో పంపిస్తాను.”

“మరి అత్తయ్యగారి దగ్గో?” అంది భార్య.

“అది వయసు దగ్గు. నువ్వూరుకో.”

డాక్టరమ్మ ఫోటో తీయడానికి వంటింట్లోకి వెళ్ళింది. మంచం మీంచి తల్లి మెల్లగా పిలిచింది.

“ఒరే అబ్బాయ్, పొయ్యి ఆర్పినప్పట్నుంచీ ఆ వయసు దగ్గు ఎటు పోయిందిరా? రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.”

గుమస్తాగారు తల్లి వంక చూశారు. నిజమే, ఆవిడ దగ్గి చాలా రోజులైంది.

“డాక్టరమ్మ వెళ్ళగానే పొయ్యి వెలిగించనా?” అడిగింది భార్య.

నిజం చెబితే పొగగొట్టం వచ్చి తల్లికి ఊపిరాడుతుంది, ఆయనకి తల తీసేసినట్టవుతుంది. డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటోంది. బాబ్బాబు, ఆయనేం చేయాలో కాస్త త్వరగా చెప్పి పుణ్యం కట్టుకోండి!